బడి విడిచిన పిమ్మట

1848వ సంవత్సరమున, అమెరికాలోని బోస్టను నగరమందు అంధవిద్యాలయమును నడుపుచుండిన శామ్యూల్ గ్రిడ్లీ హోవ్ అను వైద్యుడు, చదువునకు పనికిరారని లోకము త్రోసివేసిన పదిమంది మందబుద్ధులకు విద్య గరపుటకై, మసాచుసెట్సు శాసనసభవారు మూడేండ్లపాటు ఏటేట 2,500 డాలర్లు ఒసగుటకు సమ్మతింపగా, ఒక పాఠశాలను నెలకొల్పెను. పిల్లలకు తమ పనులు తాము చేసికొనుట నేర్పి, చేతనైనంత వృత్తిశిక్షణ మిచ్చి, మరల తల్లిదండ్రుల యిండ్లకు పంపవలెనన్నది ఆయన సంకల్పము. ఇట్టివారినందరిని ఒకచోట కూర్చి లోకమునకు దూరముగ నుంచుట కీడని 1866లో ఆయన బహిరంగముగ హెచ్చరించెను కూడ. అయినను ఆ పాఠశాలయే ఆయన అనంతరము క్రమక్రమముగ పెరిగి, లోనికి వచ్చినవారు వెలుపలికి పోవుట అరుదైన శరణాలయముగ మారెను.

అట్టి శరణాలయములలో పనికి కొదువ లేదు. అందలివారు బట్టలు ఉదికిరి, పొలములలో పాటుపడిరి, తమకంటె అశక్తులైనవారికి అన్నము తినిపించిరి. కూలి మాత్రము లేదు. బయట బ్రదుకుటకు తగిన నేర్పు లేదని నిర్ణయింపబడిన మనుష్యుడే లోపల సంస్థ భారమును మోయుచుండెను! ఇట్లు చాకిరి చేయువారికిని చట్టప్రకారము వేతనము చెల్లవలసినదేయని న్యాయస్థానము తీర్పు చెప్పుటకు 1973 వరకు ఆగవలసివచ్చెను. బుద్ధి చాలకనే వీరికి ఉద్యోగములు దొరకలేదను మాటను ఈ చరిత్ర యెంతమాత్రము సమర్థింపదు.

ఇల్లినాయి విశ్వవిద్యాలయమున మార్క్ గోల్డు అను పరిశోధకుడు 1970 ప్రాంతమున జరిపిన ప్రయోగమును ఇచ్చట నిదానించి చూడవలెను. ఆయన యెన్నుకొన్న వస్తువు సైకిలు బ్రేకు. దానికి 15 విడిభాగములు. వానిని గళ్ళుగల పళ్ళెరమునందు, బిగింపవలసిన వరుసలోనే అమర్చి, కొందరికి మాత్రము ప్రతిభాగమునకు ఒక ప్రక్క రంగు పూసి, ఆ రంగు తమవైపునకు కనబడునట్లు కూర్పవలెనని చూపెడివారు. అల్పమైన పనులకే పరిమితులై, మందబుద్ధులకై నడుపబడు ఆశ్రిత కర్మశాలలలో కాలము గడపుచుండినవారే ఇందు శిష్యులు. దాదాపు అందరును నేర్చుకొనిరి. పిదప 24 భాగముల మరియొక బ్రేకును సైతము కూర్చిరి. శిష్యుడు నేర్వనిచో లోపమును వానియందు వెదకక, గురువే వేరొక మార్గము వెదకవలెనన్నది గోల్డు సిద్ధాంతము. నాకు తెలిసినంతవరకు ఈ రంగమున ఇంతకంటె ఉదాత్తమైన మాట పుట్టలేదు.

1975 నాటి చట్టముచే అమెరికాలోని వికలాంగ బాలలందరికిని బడితలుపులు తెరువబడెను. కాని ఆ బడుల నుండి వెలువడిన తొలితరము యువకులు అనేకులు ఇంటిపట్టుననే యుండిపోయిరి. డౌన్ సిండ్రోముగల కుమారుని తల్లియు, ప్రభుత్వమున ప్రత్యేకవిద్యకు అధికారిణియు నైన మడెలిన్ విల్, 1984లో, బడినుండి కొలువునకు సాగు త్రోవయే ప్రభుత్వము పట్టించుకొనవలసిన ముఖ్యవిషయమని చాటెను. 16 ఏండ్లు నిండునప్పటికైనను ప్రతి వికలాంగ విద్యార్థికిని ఆ త్రోవను గూర్చిన ప్రణాళికను వ్రాయవలెనని 1990 చట్టము విధించెను. 1996లో సిన్సినాటి బాలల ఆసుపత్రియందు, అత్యవసర విభాగమును చూచుచుండిన ఎరిన్ రీలీ అను నర్సు, అరలలో సామగ్రి తరుగకుండ నింపు పనిని ఇట్టి యువకులకు నేర్పజూచెను. అచ్చటినుండి, బడిలోని కడపటి యేడాదిని ఆసుపత్రిలోనే వివిధ విభాగములయందు పని చేయుచు గడపు పద్ధతి యేర్పడెను.

ఆ 1984లోనే మన సికిందరాబాదున మానసిక వికలాంగుల జాతీయసంస్థ వెలసినది. మన ప్రత్యేక పాఠశాలలలో కాగితపు సంచులు, కొవ్వొత్తులు, విస్తరాకులు చేయుట నేర్పుచున్నారు. నేర్చినవారు పెక్కుమంది ఆ గదులలోనే మిగిలిపోవుచున్నారు. "మా తర్వాత వీడినెవరు చూస్తారు" అని తల్లిదండ్రులు అడుగు ప్రశ్నకు ఆ సంచులు సమాధానము కావు. మన దేశపు 1995 నాటి వికలాంగుల చట్టము ప్రభుత్వోద్యోగములలో 3 శాతము కేటాయించియు బుద్ధిమాంద్యమును అందు చేర్చలేదు. 2016 చట్టము దానిని 4 శాతము చేసి, అందొక శాతమును మేధోవైకల్యము, ఆటిజము, అభ్యసనవైకల్యము, మానసిక వ్యాధి మొదలగు వానికి ఉమ్మడిగ నిచ్చినది. 18 ఏండ్లవరకు ఉచితవిద్యయు వాగ్దానము చేసినది. కాని ఆ విద్యకును ఈ ఉద్యోగమునకును నడుమ నెవరు నడిపింపవలెనో, ఏ వయస్సున ఆ నడక మొదలిడవలెనో, ప్రతి విద్యార్థి పేరను వ్రాసి తీరవలెనను నిబంధన మాత్రము అందు కానరాదు.