డేటాబేస్ సిస్టమ్స్ (కార్నెగీ మెలన్ కోర్సు)

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఉన్న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నడిపే కంప్యూటర్ సైన్స్ కోర్సు. సంఖ్య 15-445, పీజీ విద్యార్థులకు 15-645. ఆండీ పావ్లో పాఠాలతో పేరొచ్చింది. 1970లో ఐబీఎంకు చెందిన ఇ. ఎఫ్. కాడ్ ప్రతిపాదించిన, డేటాను పట్టికలుగా చూసే రిలేషనల్ మోడల్ దీనికి పునాది. డేటాబేస్‌ను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్ రాయడం ఇందులో చిన్న భాగమే. అసలు సంగతి డేటాబేస్‌ను లోపలినుంచి కట్టడం. బస్‌టబ్ అనే బోధనా డేటాబేస్‌లో విడిచిపెట్టిన భాగాలను విద్యార్థులు సీ++లో పూరిస్తారు. డిస్కులోని పేజీల్లో వేటిని మెమరీలో ఉంచాలి, చోటు చాలనప్పుడు దేన్ని తీసేయాలి అన్నది బఫర్ పూల్ పని. ఆపై వెతుకులాటను వేగం చేసే ఇండెక్సులు, క్వెరీల (ప్రశ్నల) అమలు.

అన్నిటికన్నా చిక్కైనది ఒకేసారి జరిగే ట్రాన్సాక్షన్ల (లావాదేవీల) నియంత్రణ. ఉదాహరణకు, ఒక బ్యాంకు ఖాతాలో 100 డాలర్లున్నాయి. ఇద్దరు ఒకే క్షణంలో చెరో 80 తీయబోయారు. ఇద్దరికీ 100 కనిపిస్తే బ్యాంకు మునిగినట్టే. అందుకే ఒకరు మారుస్తుండగా మరొకరిని ఆపే లాకులు, పాత విలువలనూ ఉంచే వెర్షన్లు. కరెంటు పోయినా లెక్క చెడకుండా, మార్పును ముందు లాగ్‌లో రాస్తారు.

పాఠాల వీడియోలు యూట్యూబ్‌లో ఉచితం. బస్‌టబ్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది. జవాబులను మాత్రం బహిరంగంగా పెట్టవద్దని నిర్వాహకులు కోరుతారు.