ఆసుపత్రి కత్తెరల వెనుక కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన సంఘం కార్యదర్శి గారు కోరారు. చరిత్ర అనగానే కోటలు, శాసనాలు, రాజుల వంశావళులు గుర్తుకొస్తాయి. పానగల్లు గురించి, భువనగిరి కోట గురించి, గద్వాల సంస్థానం గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను వైద్య ఆరోగ్య శాఖలో గుమాస్తాగా చేరి సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చేసిన నౌకరీలో సగం కాలం స్టోర్సు సెక్షనులోనే గడిచింది. అందుకని నాకు తెలిసిన వస్తువు గురించే రాస్తాను. ఆపరేషన్ థియేటరులో నర్సమ్మ డాక్టరు గారి చేతికి అందించే కత్తెర, చిమటా, ఆర్టరీ ఫోర్సెప్సు ఎక్కడ పుట్టాయి, మన దగ్గర ఎందుకు తయారు కాలేదు అన్నదే నా విషయం.

మన దగ్గర ఉక్కు లేక కాదు. 1794లో బొంబాయిలో ఉన్న డాక్టర్ హెలెనస్ స్కాట్ అనే బ్రిటిషు వైద్యుడు కొన్ని ఉక్కు ముద్దలను లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. మరుసటి సంవత్సరం జార్జ్ పియర్సన్ వాటిని పరీక్షించి వ్యాసం చదివాడు. ఆ ఉక్కును సాగగొట్టి చాకు చేసి చూపినవాడు జేమ్స్ స్టోడార్ట్. ఆయన వృత్తి సర్జన్లకు పనిముట్లు చేయడం. తర్వాత ఆయన తన దుకాణం కార్డు మీద, సర్జన్ల పనిముట్లు, క్షౌరకత్తులు హిందూ దేశపు 'వూట్జ్' ఉక్కుతో చేస్తామని, ఐరోపాలోని మేలైన ఉక్కు కంటే దానినే తాను ఎంచుకున్నానని అచ్చు వేయించుకున్నాడు. ఈ వూట్జ్ అనే మాట మన 'ఉక్కు' నుంచే వచ్చిందని పండితులలో ఎక్కువమంది అభిప్రాయం. అదే స్టోడార్ట్, మైకేల్ ఫారడేతో కలిసి ఈ ఉక్కు గుట్టు తెలుసుకోవాలని ప్రయోగాలు చేసి 1820, 1822లలో వ్యాసాలు ప్రకటించాడు. కరెంటు విషయంలో మన పిల్లలు పాఠాల్లో చదువుకునే ఫారడే ఈయనే.

ఆ ఉక్కు చేసిన ముఖ్య ప్రాంతాలు మూడు. తెలంగాణ, మైసూరు, సేలం. తెలంగాణలో పేరు పొందినది నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. సర్వే ఆఫ్ ఇండియా పనిలో లాంబ్టన్ దొర వెంట తిరిగిన హెన్రీ వాయిసీ ఆ ఊరి కొలుములను చూసి రాసిన వివరం ఆయన చనిపోయిన తర్వాత 1832లో అచ్చయింది. ఈయన కూడా సర్జనే కావడం గమనించదగ్గది. రెండు రకాల ఇనుమును మట్టి మూసలో పెట్టి, పైన మూత మెత్తి, గంటల తరబడి తిత్తులు ఊది కరిగించేవారని అందులో ఉంది. ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు కోనసముద్రం దాకా వచ్చి, దగ్గర కూర్చుని పని చూసుకుని, ముద్దలు పట్టుకుపోయేవారు. కత్తులు మాత్రం అక్కడ తయారయ్యేవి, పేరు డమాస్కస్‌కు వచ్చింది. మనవాళ్లు ముద్ద దగ్గరే ఆగిపోయారు. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చి ఐరోపాలో ఉక్కు చవకయ్యాక ఆ ముద్దను అడిగేవాడు కూడా లేకుండా పోయాడు.

మరి మన రెండు జిల్లాల కమ్మరి ఏం చేశాడంటే, నాగలి కర్రుకు మొన పెట్టాడు, కొడవలికి కక్కులు కొట్టాడు, బండి చక్రానికి పట్టా వేశాడు. గడ్డ లేస్తే కోసేది మంగలి. కాన్పు చేసేది మంత్రసాని. ఆ మంగలి కత్తిని సాన పట్టిందీ ఊరి కమ్మరే. ఈ ఇద్దరికీ మధ్య దూరం నాలుగిళ్లు. కత్తి మొండికి పోతే సాయంత్రానికి తెలిసేది, పొద్దునకు బాగయ్యేది. సుశ్రుతుడు నూట ఒక్క యంత్రాలు, ఇరవై శస్త్రాలు చెప్పాడని మనం గొప్పగా చెప్పుకుంటాం. నా దృష్టిలో అంతకంటే ముఖ్యం ఈ నాలుగిళ్ల దూరం. స్కాట్ గారు ఉక్కు పంపిన ఆ 1794లోనే పూనాలో తెగిన ముక్కును నుదుటి చర్మంతో అతికించిన వైనం లండను పత్రికలో బొమ్మతో సహా అచ్చయింది. చేసినవాడు పట్టాలున్న డాక్టరు కాదు.

తక్కిన ప్రపంచంలో ఈ పరిశ్రమ లేచిన చోట్లు చూడండి. జర్మనీలో టుట్లింగెన్ అనే చిన్న పట్టణం. 1867లో అక్కడ గాట్‌ఫ్రీడ్ యెట్టర్ అనే కత్తుల పనివాడు పెట్టిన చిన్న పనిశాలే నేటి ఈస్కులాప్ కంపెనీ. ఇవాళ ఆ చుట్టుపక్కల వందల కంపెనీలు ఈ పనే చేస్తున్నాయి. అంతకంటే మనకు దగ్గరి ఉదాహరణ సియాల్‌కోట. పంజాబులోని ఆ ఊళ్లో అమెరికన్ మిషన్ ఆసుపత్రి ఉండేది. డాక్టర్ల పనిముట్లు విరిగితే సీమకు పంపడం తలనొప్పి కాబట్టి, కత్తులూ కటార్లూ చేసే స్థానిక లోహారులకు ఇచ్చి బాగు చేయించుకునేవారు. బాగు చేసిన చెయ్యి మెల్లగా నకలు చేయడం నేర్చింది. నకలు నుంచి అమ్మకం, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి సరఫరా. అంతా ఆ మరమ్మతు బల్ల మీద మొదలైందే.

1947లో దేశ విభజనతో సియాల్‌కోట పాకిస్తానుకు పోయింది. అక్కడి పనివారు కొందరు జలంధరు చేరి మళ్లీ కొలిమి రాజేశారు. అయినా లోటు లోటే. 1959లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1961లో ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మస్యూటికల్స్, మనమంతా ఐడీపీఎల్ అనే సంస్థ, ఏర్పడింది. రిషీకేశ్‌లో యాంటీబయాటిక్స్, హైదరాబాదు బాలానగర్‌లో మందులు, మద్రాసులో సర్జికల్ పనిముట్ల కర్మాగారం. బాలానగర్ ఐడీపీఎల్ మన ప్రాంతపు పిల్లలకు ఎందరికో అన్నం పెట్టింది. మద్రాసు కర్మాగారం 1965లో ఉత్పత్తి మొదలుపెట్టింది. భవనాలు, యంత్రాలు, ఇంజనీర్లు, దేనికీ కొరత లేదు. వచ్చిన చిక్కల్లా నమూనాలతోనే. అవి రష్యా నమూనాలు. మన సర్జన్లు బ్రిటిషు నమూనాలతో చెయ్యి తిప్పడం నేర్చినవారు. వారికి ఆ పనిముట్లు నచ్చలేదు, సరుకు కదలలేదు, కర్మాగారం సామర్థ్యంలో చాలా భాగం ఖాళీగా ఉండిపోయింది. పార్లమెంటు కమిటీలు కూడా ఈ సంగతి చర్చించాయి. 1992లో ఐడీపీఎల్ బీఐఎఫ్ఆర్‌కు వెళ్లింది. 1994లో మద్రాసు యూనిట్‌ను వేరే అనుబంధ కంపెనీగా చేశారు. 2016 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఐడీపీఎల్‌ను మూసివేయాలని నిర్ణయించింది.

సోవియట్ వారిని నిందించడం తేలిక. వారి దేశంలో ఆ పనిముట్లతోనే లక్షల ఆపరేషన్లు జరిగాయి. కొలిమికీ థియేటరుకూ మధ్య ఉండవలసిన నాలుగిళ్ల దూరం అక్కడ వేల మైళ్లయింది, అంతే.

స్టోర్సులో కూర్చుంటే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఒక ఆసుపత్రిలో ఉండగా, పేరెందుకు గాని, తక్కువ రేటు టెండరు మీద ఒక సరఫరాదారు నుంచి ఆర్టరీ ఫోర్సెప్సు వచ్చాయి. లెక్క సరిపోయింది, స్టాకు రిజిస్టరులో ఎక్కాయి, బిల్లు పాసయింది. నాలుగుసార్లు ఆటోక్లేవులో పెట్టేసరికి కీలు దగ్గర తుప్పు. పళ్ల పట్టీ మూడో పన్ను మీద నిలవకుండా జారిపోయేది. రక్తనాళం పట్టుకుని ఉండగా ఫోర్సెప్సు తనంతట తాను విప్పుకుంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పెద్ద సర్జన్ గారు వాటిని ట్రేతో సహా నా బల్ల మీద పెట్టి, "ఏమయ్యా, నువ్వు పట్టుకుని చూడు" అన్నారు. ఇండెంటు ఫారంలో సైజు రాయడానికి గడి ఉంది, సంఖ్య రాయడానికి గడి ఉంది. పట్టు ఎలా ఉందో రాయడానికి గడి లేదు. అవి బీరువాలో మూలకు చేరాయి. ఆ తర్వాత ఆడిట్ వారు, వాడని సరుకు ఎందుకు కొన్నారని హాఫ్ మార్జిన్ ఇచ్చారు!

ఫోర్సెప్సు చేయడమంటే చిన్న పని కాదు. సుమారు పదమూడు శాతం క్రోమియం ఉన్న గట్టి స్టెయిన్‌లెస్ ఉక్కు కావాలి. దాన్ని ఎర్రగా కాల్చి అచ్చులో కొట్టాలి, అంచులు తీయాలి, ఒక రెక్కలో గాడి చేసి రెండో రెక్కను అందులోంచి దూర్చి కీలు బిగించాలి. తర్వాత కాల్చి చల్లార్చి గట్టిపరచాలి, నైట్రిక్ ఆమ్లంలో ముంచి తుప్పు పట్టకుండా చేయాలి, మెరుగు పెట్టాలి. రెండు కొసలు వెంట్రుక సందు లేకుండా కలిశాయా లేదా అన్నది చివరికి ఆకురాయి పట్టిన మనిషి వేళ్లకే తెలుస్తుంది. యంత్రాలు ఎన్ని వచ్చినా ఇప్పటికీ సియాల్‌కోటలో, టుట్లింగెన్‌లో ఈ చివరి పని చేతిదే.

ఇప్పుడు కాలం మారింది. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగింది. విశాఖపట్నంలో మెడ్‌టెక్ జోన్ ఉంది. మన వైపు చూస్తే మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. బీబీనగర్ ఎయిమ్స్‌లో 2019 నుంచి ఎంబీబీఎస్ నడుస్తున్నది. ఇన్ని థియేటర్లలో రోజూ కత్తెరలు మొండికి పోతాయి, ఫోర్సెప్సుల పళ్లు అరుగుతాయి.

నా మనవి ఒక్కటే. జిల్లా కేంద్రాల్లో ఐటీఐలు ఉన్నాయి. ఫిట్టరు ట్రేడు పిల్లలున్నారు. ఆ పిల్లల్లో ఇద్దరు ముగ్గురిని మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనే ఒక గదిలో కూర్చోబెట్టి, ఒక వైసు, ఒక సాన యంత్రం, ఆకురాళ్ల సెట్టు ఇచ్చి మరమ్మతు సెక్షను పెట్టవచ్చు. సర్జన్ గారు థియేటరు నుంచి నడిచి వచ్చి, ఇది నా చేతికి ఇలా ఉండాలి అని చూపించగలిగేంత దగ్గరలో ఆ గది ఉండాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ మేరకు తీర్మానం ప్రతిపాదించి, రెండు జిల్లాల కలెక్టర్లకు వినతిపత్రం ఇవ్వాలని అనుకుంటున్నాను. ముసాయిదా నేను రాసి ఉంచాను. బలపరచదలచిన మిత్రులు సమావేశానికి ముందే సంతకాలు చేయగలరు.