శివసముద్రము నుండి కోలారు వఱకు: దూరవిద్యుత్తు పుట్టుపూర్వోత్తరములు

డార్జిలింగు చెంత సిద్రాపాంగు వద్ద 1897లో 130 కిలోవాట్ల చిన్న జలవిద్యుత్కేంద్రమొకటి పనిచేయ నారంభించి, ఆ పట్టణవీథులకు వెలుగు నొసంగెను. మన దేశమున జలవిద్యుత్తునకు తొలి యడుగు అదియే. కాని పెద్దయెత్తున విద్యుత్తు నుత్పత్తి చేసి, పుట్టినచోటికి బహుదూరమున నున్నవారి కమ్ముట యను మహాకార్యము అయిదేండ్ల పిమ్మట మైసూరు సంస్థానమున జరిగినది.

కావేరీనది శివసముద్రము కడ రెండు పాయలుగా చీలి, గగనచుక్కి, భరచుక్కి యను జలపాతములై దుముకును. ఆ జలవేగమున అణగియున్న శక్తిని కార్యోపయుక్తము గావింపవలెనని పూనినవాడు సంస్థానమున ఉపప్రధాన ఇంజనీరుగా నుండిన కెప్టెన్ జోలీ డి లొత్బినియేరు. ఆ పూనికకు రాజ్యాధికారమును, ధనమును సమకూర్చినవాడు 1883 నుండి దివానుగా నుండిన సర్ శేషాద్రి అయ్యరు. అంతటి శక్తిని కొనగల కర్మాగారములు ఆ చుట్టుప్రక్కల లేవు; కొనగలవారు తొంబదిరెండు మైళ్ళ దూరమున, కోలారు బంగారు గనులలో నుండిరి.

చిత్తూరు, ఉత్తర ఆర్కాటు సీమల నుండి పొట్టచేత బట్టుకొని వెళ్ళిన తెలుగు, తమిళ కూలీలు భూగర్భమున త్రవ్విన రాతిని పైకి లాగుటకును, ఆ రాతిని రోకళ్ళవంటి ఇనుపదిమ్మెలతో పొడిచేయుటకును, గనులలోనికి గాలిని పంపుటకును నాడు ఆవిరియంత్రములే శరణ్యములు. వాని బాయిలర్లకు ఎంత కట్టెయు, ఎంత బొగ్గును చాలెడివి కావు. కావున గనులవారితో ముందుగా ఒప్పందము కుదుర్చుకొని, దాని బలముననే సంస్థానము కేంద్రనిర్మాణమునకు దిగెను. సాహసమునకు తోడు వాణిజ్యజ్ఞానమును గలిగిన యీ పద్ధతి శేషాద్రి అయ్యరు రాజనీతికి నిదర్శనము.

ఇక శక్తిని చేర్చుటయే కష్టము. తీగలలో ప్రవహించు విద్యుత్తులో కొంత వేడియై వ్యర్థమగును. ప్రవాహము రెట్టింపైనచో ఆ నష్టము నాలుగింతలగును. అందుచేత ప్రవాహమును తగ్గించి, వోల్టేజిని పెంచి పంపుటయే ఉపాయము. నదీజలమును కాలువలద్వారా కొండయంచునకు తెచ్చి, ఉక్కుగొట్టములలో సుమారు నాలుగువందల అడుగులు దింపి, స్విట్జర్లాండు నుండి వచ్చిన టర్బైనులను త్రిప్పిరి. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థవారి జనరేటర్లలో పుట్టిన విద్యుత్తును ట్రాన్స్‌ఫార్మర్లతో 35,000 వోల్టులకు పెంచి, అడవులమీదుగా, మెట్టపొలములమీదుగా కోలారునకు పంపిరి. 1902 జూన్ 30వ తేదీన ఆ విద్యుత్తు గనులను చేరెను. ప్రపంచమున నాటికున్న మిక్కిలి దీర్ఘమైన విద్యుత్‌మార్గములలో నిది యొకటి. అంతకుముందటి సంవత్సరముననే కీర్తిశేషుడైన శేషాద్రి అయ్యరునకు ఆ దినమును చూచు భాగ్యము కలుగలేదు.

1905లో ఆ విద్యుత్తే బెంగుళూరు వీథిదీపములను వెలిగించెను. కోరువారు పెరిగినకొలది కొత్త యంత్రములు చేర్చిరి గాని, వేసవిలో కావేరి చిక్కిపోవుట మానదు గదా! ఏడాదిపొడవునా నీరు నిలుకడగా అందవలెనన్న ఎగువను జలాశయము కావలెను. పూర్వీకులు మోక్షగుండమువారైన విశ్వేశ్వరయ్య సంస్థాన ప్రధాన ఇంజనీరై, కృష్ణరాజసాగరపు ఆనకట్టకు 1911లో పని నారంభింపజేసినపుడు, మండ్యసీమ సేద్యముతోపాటు శివసముద్రపు టర్బైనులకు నీటి నిలుకడయు ఆయన యుద్దేశములలో నొకటి. ఆ ఆనకట్టవలన మద్రాసు ప్రభుత్వముతో రేగిన జలవివాదము 1924 నాటి ఒప్పందము వఱకు నడచెను.

తెలుగుదేశమునకు అట్టి బృహద్విద్యుత్తు 1955లో మాచ్‌ఖండ్ రూపమున వచ్చెను. ఒరిస్సా సరిహద్దున డుడుమ జలపాతపు కడ ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రములు కలిసి నిర్మించిన యీ కేంద్రము ఆరు యంత్రములతో సుమారు 115 మెగావాట్లదైనది. దీనికి నీరు నిలుపు జలాపుట్ జలాశయము క్రింద గిరిజనుల పల్లెలును, పొలములును మునిగినవి.

దూరమునకు పంపగలుగుటయే యీ విద్యకు ప్రాణమని శివసముద్రము నిరూపించెను; ఆ బలమే దీనికి దోషము నైనది. వేలకొలది వోల్టులతో సాగు తీగ, మార్గమధ్యమున ట్రాన్స్‌ఫార్మరు పెట్టి వోల్టేజిని తగ్గించినగాని, తన క్రింది పల్లెలో ఒక దీపమునైనను వెలిగింపజాలదు. ఆ ఖర్చు పెట్టువారు లేక, ఎందరి పొలములమీదుగానో గనులకును, నగరములకును విద్యుత్తు సాగిపోయినను, దశాబ్దములపాటు వారి యిండ్లలో కిరసనాయిలు బుడ్లే వెలిగినవి. ఇది యంత్రదోషము గాదు, ఎవరికి ముందు అను నిర్ణయములోని దోషము, కావున దిద్దదగినది. ఇకముందు ఏ నదిమీద ఏ విద్యుత్కేంద్రము వెలసినను, తీగల క్రింది పల్లెలవారి, భూమి కోల్పోయిన లోయవాసుల యింటిదీపము దాని లెక్కలలో మొదటి పద్దుగా నుండవలెను. అట్లుండునట్లు ప్రభుత్వములను నిలదీయుట విద్యుత్తు ననుభవించు మనయందఱి విధి.