గాజు గిన్నెలో ఎముక

పోయిన వారం తంగేడు చెక్క గురించి రాశాను. బతుకమ్మలో పసుప్పచ్చగా నవ్వే తంగేడూ, మన లందల్లో తోలుకు పదును పెట్టిన తంగేడూ ఒకటే చెట్టని. అది చదివిన ఒక ఎంఏ విద్యార్థి ఫోన్ చేసి, "తోలు సంగతి సరే మేడమ్, మరి ఎముకలు ఏమయ్యేవి?" అని అడిగాడు. మంచి ప్రశ్న. దానికి జవాబు మా ఇంటి ఫ్రిజ్‌లో దొరికింది. అందుకే ఈసారి కథ ఒక అమెరికా మిఠాయితో మొదలవుతుంది, కాస్త ఓపిక పట్టండి.

క్రిస్మస్‌కి ముందు మా అన్న కూతురు ఫోన్‌లో ఒక పాతకాలపు వంటకం చూసింది. పొయ్యి మీద కాల్చేదీ లేదు, ఓవెన్‌లో పెట్టేదీ లేదు. గాజు గిన్నెలో అడుగున ఎర్ర పొర, మధ్యలో పాల పొర, పైన నిమ్మ సోడాతో చేసిన తేట పొర, ఆ తేట పొరలో పండ్ల ముక్కలు తేలుతున్నట్టు ఆగిపోయి ఉంటాయి. "అత్తా, మనమూ చేద్దాం" అంది. ఒంగోలులో బేకరీ సామాన్లు అమ్మే కొట్టుకెళ్లి జెలటిన్ పొడి కొన్నాను.

మొదటిసారి చెడిపోయింది. తాజా అనాస కోసి వేశాం. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా పొద్దునకి నీళ్లే. కారణం మన వంటింట్లోనే ఉంది. ముదురు మాంసం ఉడకకపోతే మన ఆడవాళ్లు పచ్చి బొప్పాయి ముక్క వేస్తారు కదా, అదే కారణం. బొప్పాయిలోనూ అనాసలోనూ మాంసకృత్తుల్ని కోసేసే రసాలుంటాయి. జెలటిన్ కూడా మాంసకృత్తే. అది గడ్డకట్టకముందే అనాస దాన్ని ముక్కలు చేసేసింది. డబ్బా అనాసయితే ముందే కాగి ఉంటుంది కాబట్టి ఆ రసం చచ్చిపోయి ఉంటుంది. రెండోసారి డబ్బా అనాస, ద్రాక్ష, దానిమ్మ గింజలు వేశాం. అరలీటరుకు 10 గ్రాముల పొడి. ముందు చన్నీళ్లలో చల్లి నాననివ్వాలి, తర్వాత వేడి నీళ్లలో కరిగించాలి, సోడా మాత్రం బాగా చల్లగా ఉండాలి, గిన్నె అంచు మీదుగా నెమ్మదిగా పోయాలి. లేకపోతే గ్యాసంతా పోయి వట్టి తీపినీళ్లు మిగులుతాయి. ఒక పొర బిగిసీ బిగియక వేలికి అంటుకునే దశలో ఉన్నప్పుడే రెండోది పోయాలి. ఆ రెండోది వేడిగా ఉంటే కిందది కరిగిపోతుంది.

కుదిరింది. దీపం పక్కన పెడితే రంగు గాజులా మెరిసింది. మా అమ్మ ఒక చెంచా చేతిలోకి తీసుకుని, "దేంతో చేశారే ఇది?" అని అడిగింది. పశువుల ఎముకల నుంచీ తోళ్ల నుంచీ తీసిన పొడి అని చెప్పాను. చెంచా కింద పెట్టేసింది. "ఏ పశువులు? కోసినవా, చచ్చినవా?" అంది. తెలియదన్నాను. ఇక ముట్టలేదు.

నాకు చికాకేసింది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ జరిగినప్పుడు, మా తిండి మా హక్కు అని అరిచిన గొంతుల్లో నాదీ ఒకటి. మా ఇంట్లోనే ఈ పట్టింపు ఏమిటనిపించింది.

సెలవుల తర్వాత అదే వంటకం డిపార్ట్‌మెంట్‌కి పట్టుకెళ్లాను. ఒక సహోద్యోగి రెండు ముక్కలు తిని, చాలా బాగుందమ్మా అని మెచ్చుకుని, దేంతో చేశారని అడిగాడు. చెప్పాను. ఆయన లేచి వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్లి పుక్కిలించాడు, ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. రోజూ పొద్దున్నే నా ఎదురుగానే కడుపుమంటకి క్యాప్సూల్ మింగుతాడాయన. ఆ గొట్టం దేంతో చేస్తారో నేను అడగలేదు. అడగనందుకు ఇంటికొచ్చాక నామీద నాకే కోపం వచ్చింది. ఈ వ్యాసం ఆ కోపంలోంచే పుట్టింది.

ముందు ఆ మిఠాయి పుట్టిన చోటికి వెళ్దాం. యూరపు, అమెరికాల్లో జెల్లీ ఒకప్పుడు దొరల బల్ల మీది వంటకం. దూడ కాళ్లు గంటల తరబడి ఉడకబెట్టాలి, పైన తేలిన కొవ్వు తీసెయ్యాలి, గుడ్డు తెల్లసొనతో మలినం లాగేసి గుడ్డలో వడకట్టాలి. ఇంటినిండా పనివాళ్లుంటే తప్ప అయ్యే పని కాదు. 1824లో వర్జీనియాకు చెందిన మేరీ రాండాల్ఫ్ అచ్చువేసిన వంట పుస్తకంలో ఇలాంటి జెల్లీ ఉంది. ఆ రాష్ట్రంలో పెద్దిళ్ల వంటింటి పొయ్యి దగ్గర నిలబడింది బానిసలని మనకు తెలుసు. థామస్ జెఫర్సన్ తన బానిస జేమ్స్ హెమింగ్స్‌ని పారిస్ తీసుకెళ్లి ఫ్రెంచి వంట నేర్పించాడు. హెమింగ్స్‌కి విముక్తి దొరికింది 1796లో. దొరల బల్ల మీద తళతళలాడినదేదైనా దాని వెనక మసిబారిన చేతులున్నాయి. ఈ సంగతి మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

తర్వాత ఫ్యాక్టరీలొచ్చాయి. న్యూయార్క్‌లో జిగురు ఫ్యాక్టరీ నడిపిన పీటర్ కూపర్ 1845లో జెలటిన్ పొడికి పేటెంటు తీసుకున్నాడు. ఒక్క విషయం గమనించండి: జిగురూ జెలటినూ ఒకే ఇంటి పిల్లలు. శుభ్రం ఎక్కువ చేస్తే తిండి, తక్కువ చేస్తే చెక్కలు అతికే వజ్రం. 1897లో న్యూయార్క్ రాష్ట్రం పడమటి వైపు లెరాయ్ అనే చిన్న ఊళ్లో పెర్ల్ వెయిట్ దానికి పంచదార, పండ్ల రుచి, రంగు కలిపాడు. ఆయన భార్య మే దానికి జెల్-ఓ అని పేరు పెట్టింది. అమ్ముకోవడం చేతకాక రెండేళ్లకే 450 డాలర్లకు ఆ పేరునీ హక్కునీ ఊళ్లోనే ఇంకొకరికి ఇచ్చేశాడు. కొన్నవాళ్ల ప్రకటనల బలంతో అది అమెరికా అంతా పాకింది.

అదే రాష్ట్రంలో జాన్స్‌టౌన్ అని ఇంకో ఊరు. పక్కనే గ్లవర్స్‌విల్, పేరుకు తగ్గట్టే చేతి తొడుగులు కుట్టే ఊరు, తోళ్ల ఊరు. అలాంటి చోటనే నాక్స్ జెలటిన్ కంపెనీ ఎదిగింది. 1908లో భర్త చనిపోయాక రోజ్ నాక్స్ ఆ కంపెనీ పగ్గాలు పట్టుకుంది. ఆమె చేసిన మొదటి పనుల్లో ఒకటి, ఆడవాళ్లు లోపలికి రావడానికి విడిగా పెట్టిన వెనక గుమ్మాన్ని మూయించడం. అందరూ ఒకే గుమ్మంలోంచి రావాలంది. వెనక గుమ్మం అంటే ఏమిటో మనకు తెలుసు కాబట్టి ఈ ముక్క నాకు బాగా నచ్చింది. అలాగని అమెరికాని ఆకాశానికెత్తక్కర్లేదు. జెల్-ఓ వాళ్ల 1920ల నాటి ప్రకటనల్లోనే నల్లజాతి వంటమనిషి బొమ్మని వెటకారపు యాసతో వాడుకున్నారు.

సోడా సంగతి క్లుప్తంగా. 1929లో సెయింట్ లూయిస్‌లో చార్లెస్ గ్రిగ్ తయారుచేసిన నిమ్మ సోడాయే తర్వాత సెవెనప్. 1948 దాకా అందులో లిథియం ఉప్పు ఉండేది, ఇవాళ మానసిక వైద్యంలో వాడే లిథియమే. 1930లో జెల్-ఓకి పచ్చ నిమ్మ రుచి చేరింది. ఈ రెండూ కలిసి యాభైల నాటికి చర్చి విందుల్లో పొరల జెల్లీ అయ్యాయి. దాని వెనక ఇంకో వస్తువుంది, ఫ్రిజ్. వేసవిలోనూ జెల్లీ నిలబడిందంటే ఇంట్లో ఫ్రిజ్ ఉన్నట్టు. మన పెళ్లిళ్లలో ఐస్‌క్రీం ఒకప్పుడు చేసిన పనే అది.

ఇప్పుడు ఎముక దగ్గరికి. ఎముక నుంచి జెలటిన్ సాధారణంగా ఈ దారిలో వస్తుంది. ఎముకలు పిండి కాకుండా ముక్కలుగా నలగ్గొట్టి, కొవ్వు తీసేసి, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడతారు. సున్నపు భాగం కరిగిపోయి మెత్తని భాగం మిగులుతుంది, దాన్ని ఒస్సీన్ అంటారు. దాన్ని వారాల తరబడి సున్నపు నీళ్లలో ఉంచుతారు. తర్వాత కడిగి, వేడి నీళ్లలో కొంచెం కొంచెంగా కరిగించి, వడకట్టి, చల్లార్చి, ఆరబెట్టి, పొడి చేస్తారు. చివరికి వాసన ఉండదు, రంగు ఉండదు, రుచి ఉండదు.

సున్నపు నీళ్లు మాదిగలకు కొత్తా? వెంట్రుక ఊడడానికి పచ్చి తోలు నానేది సున్నంలోనే. లందలో దిగి ఆ సున్నంలో చేతులూ కాళ్లూ పుళ్లు పడ్డవాళ్లు మన తాతలు. రసాయనశాస్త్రం ఒకటే. ఒకచోట దాన్ని పరిశ్రమ అన్నారు, పేటెంటు ఇచ్చారు. ఇంకోచోట మైల అన్నారు, ఊరి బయట పెట్టారు. ఒకే పని చేసినవాళ్లలో ఒకరి పేరు పొట్లం మీద అచ్చయింది, ఇంకొకరి పేరు తిట్టయింది.

ఎముకలు ఏమయ్యేవి అని కదా ఆ విద్యార్థి అడిగింది. ఇంగ్లీషువాళ్ల కాలంలో కలకత్తా, కరాచీ రేవుల నుంచి ఓడలకెక్కేవి. యూరపు పొలాలకు ఎరువుగా, ఫ్యాక్టరీలకు జిగురుగా, జెలటిన్‌గా మారేవి. స్వతంత్రం వచ్చాక జబల్‌పూర్‌లోనూ కేరళలోనూ ఫ్యాక్టరీలు లేచాయి. మందుల గొట్టాలకీ, ఫొటో ఫిల్ముకీ అదే సరుకు. ఫిల్ము మీద వెండి ఉప్పుని పట్టి ఉంచేది జెలటినే. 1920లలో కోడాక్ కంపెనీ శాస్త్రవేత్త షెపర్డ్ ఒక తమాషా కనిపెట్టాడు: కొన్ని జెలటిన్లతో ఫిల్ము ఎందుకు బాగా పనిచేస్తుందంటే, ఆ పశువులు ఆవజాతి మొక్కలు మేసి ఉన్నాయి, అందులోని గంధకం ఎముకా తోలూ దాటుకుని ఫిల్ము దాకా వచ్చింది. అంటే పశువు తిన్న గడ్డి కూడా చరిత్రలో నమోదవుతుంది. పశువును మోసిన మనిషి మాత్రం నమోదు కాడు. మన సినిమాహాళ్లలో గుడి ముందు పాట పాడిన ప్రతి భక్తిచిత్రం రీలు మీదా పశువు జెలటిన్ ఉంది. దాన్ని ఎవరూ పుక్కిలించలేదు.

మా నాయనమ్మ వాళ్లు బీళ్లలో ఎముకలు ఏరి బస్తాలకెత్తి అమ్మేవాళ్లట. కొనేవాడు కాటా వేసి తీసుకెళ్లేవాడు. ఎక్కడికని వీళ్లు అడగలేదు, వాడు చెప్పలేదు. ఏరినవాళ్ల వేళ్లకి అంటిన వాసన పొట్లం దాకా రాలేదు.

ఇక మా అమ్మ చెంచా. ఆమె ఎందుకు ముట్టలేదో అర్థం చేసుకోవడానికి నాకు నెల పట్టింది, అదీ జాన్ క్లౌ గురించి మళ్లీ చదివాక. పడమటి న్యూయార్క్‌లోనే పుట్టిన ఈ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు వచ్చాడు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకి తీసుకుని మాదిగలకు కూలి చూపించాడు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ వాళ్లకి పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన పశువును తినకూడదు.

ఈ మూడో నియమాన్ని చాలాకాలం నేను మిషనరీల శుభ్రతా పాఠంగా చూశాను. తెల్లదొర మన తిండిని తప్పుపట్టాడనుకున్నాను. కానీ ఊరి పెద్దల వైపు నుంచి చూడండి. మాదిగ చచ్చిన గొడ్డును తిననన్నాడు, జాతరలో డప్పు కొట్టనన్నాడు. అంటే వెట్టి ఆగిపోయింది. అందుకే పెద్దలు కక్షగట్టారు, వేధించారు. తిండి మీద పట్టింపు అయితే ఊరికి ఏం నొప్పి? నొప్పి పుట్టింది చాకిరీ ఆగినందుకు. 1927లో మహాడ్‌లో అంబేడ్కర్ కూడా చచ్చిన పశువుల మాంసం మానేయమన్నాడు. 2016 జూలైలో ఉనాలో చచ్చిన ఆవు తోలు వలిచిన కుర్రాళ్లని కొట్టినప్పుడు గుజరాత్ దళితులు కళేబరాలు తెచ్చి సురేంద్రనగర్ కలెక్టరాఫీసు ముందు పడేశారు. వెల్లంపల్లి, మహాడ్, ఉనా, మూడు చోట్లా మాట ఒకటే: మీ చచ్చిన గొడ్డు మీరే ఎత్తుకోండి.

మా అమ్మ ఆదివారం బజారు నుంచి పెద్దకూర తెప్పించుకుని గోంగూర వేసి వండుతుంది. ఆమె అడిగింది "పశువా కాదా" అని కాదు. "కోసినదా, చచ్చినదా" అని. ఆ తేడా నాకు పీహెచ్‌డీ చేశాకా తెలియలేదు. మా సహోద్యోగి వద్దన్నాడు, మా అమ్మా వద్దంది. ఆయన పుక్కిలించింది మన చేతుల్ని. ఆమె చెంచా కింద పెట్టింది ఆ చేతుల మీద మోపిన బరువుని. బయటి నుంచి చూస్తే రెండూ ఒకలాగే కనిపిస్తాయి, అందుకే నేనూ పొరపాటు పడ్డాను. తిండి రాజకీయాలు మాట్లాడే మన విద్యార్థి సంఘాల్లో కూడా ఈ పొరపాటు ఉంది. బీఫ్ హక్కు గురించి గట్టిగా మాట్లాడతాం, చచ్చినదాన్ని వదిలిపెట్టడానికి మన ముసలివాళ్లు తిన్న దెబ్బల గురించి మాట్లాడం, సిగ్గుపడతాం.

పోయిన ఆదివారం ఊరెళ్లి అమ్మని అడిగాను, ఆ నియమం ఎవరు చెప్పారని. "మా అమ్మమ్మ చెప్పేది. ఆమెకి వాళ్ల అమ్మ చెప్పిందంట. బాప్తిస్మం అయినాక మనోళ్లు ఎత్తనంటే ఊళ్లో గొడ్డు మూడు రోజులు అట్నే పడుందంట. ఆ వాసనకి కరణం తలుపులేసుకున్నాడంట" అని నవ్వింది. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. నిజమో కాదో తేల్చే పని పెట్టుకోలేదు, ఆమె నవ్వు మాత్రం రాసుకున్నాను.

తర్వాత ముగ్గురం మళ్లీ చేశాం, ఈసారి చైనా గ్రాస్‌తో. అది సముద్రపు నాచు. జెలటిన్‌లా మెత్తగా నోట్లో కరగదు, కొంచెం పెళుసు, కొరికితే విరుగుతుంది. కానీ జెలటిన్ మన ఎండకి గది వేడిలోనే జారిపోతుంది, ఇది మరిగే వేడి దగ్గరికి వస్తే గానీ కరగదు. చల్లబడకముందే గడ్డకడుతుంది కాబట్టి సోడా పోసేటప్పుడు తొందరపడాలి. తాజా అనాస కూడా వేయొచ్చు. కరెంటు పోయినా గిన్నెలో పొరలు కదల్లేదు. అమ్మ రెండు ముక్కలు తిని, సోడా పొర బాలేదు, పాల పొర బాగుందంది.