మాంచెస్టర్‌లో ఇంజను, గుంటూరులో దూది



ఇంగ్లండు సైరుకి వెళ్లొచ్చిన వాళ్లని మనవాళ్లు మొదట అడిగేది రాణిగారి మహలు చూశావా అని. 2018 వేసవిలో మా అమ్మాయి దగ్గర లీడ్స్‌లో మూడు వారాలు ఉండి వచ్చాక నన్నూ అదే అడిగారు. నేను ఎక్కువగా చూసింది పాత రైలింజన్లు, పాత స్టేషన్లు. "అంత దూరం పోయి రైళ్లు చూశావా భాయ్" అని నవ్విన వాళ్లున్నారు. వాళ్లకి నోటితో చెప్పిన జవాబు సరిపోలేదు, అందుకే రాస్తున్నాను. ఆ పట్టాలకి రెండో కొస మన గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో ఉంది. ఆ సంగతి మన పిల్లలకి తెలియాలి.

ముందు అక్కడి సంగతి. యార్క్ నగరంలో 1975లో తెరిచిన జాతీయ రైల్వే మ్యూజియం ఉంది. టికెట్టు లేదు. 1938 జులై 3న గంటకు 126 మైళ్ల వేగంతో పరుగెత్తిన మాలార్డ్ ఇంజను అక్కడే ఉంది. ఆవిరి ఇంజన్లలో ఆ రికార్డు ఇప్పటికీ దానిదే. జపాన్ వాళ్లు ఇచ్చిన బుల్లెట్ రైలు పెట్టె కూడా ఉంది, పిల్లలు దాన్ని వదిలి రారు.

లీడ్స్‌కి దగ్గర్లోనే కీత్లీ అనే ఊరు. అక్కడ ఆవిరి రైలు ఇప్పటికీ నడుస్తుంది. దాని కథ నాకు మ్యూజియం కన్నా ఎక్కువ నచ్చింది. నష్టాలొస్తున్నాయని బ్రిటిష్ హుకూమత్ ఆ రోజుల్లో చిన్న లైన్లను ఒక్కొక్కటే మూసేసింది. 1963లో బీచింగ్ అనే అధికారి ఇచ్చిన రిపోర్టయితే రెండు వేలకు పైగా స్టేషన్లు మూసెయ్యమంది. కీత్లీ లైను అంతకు ముందే, 1962లో మూతబడింది. ఊరి జనం ఊరుకోలేదు. సంఘం పెట్టుకున్నారు, చందాలు పోగుచేశారు, 1968లో తమ రైలు తామే నడుపుకోవడం మొదలుపెట్టారు. ఈ దారి చూపించింది వేల్స్‌లోని టాలిలిన్ లైను. 1951 నుంచి దాన్ని జీతం లేకుండా పనిచేసేవాళ్లే నిలబెట్టారు. కీత్లీ రైల్లో నా టికెట్టు చూసినాయన రిటైరైన బడిపంతులు. వారానికి రెండు రోజులు వస్తారట. మన మాటలో చెప్పాలంటే ఖిద్మత్.

ఇక మాంచెస్టర్. 1830 సెప్టెంబరు 15న లివర్‌పూల్, మాంచెస్టర్ నగరాల మధ్య రైలు మొదలైంది. ఆ మాంచెస్టర్ స్టేషను ఇంకా నిలబడే ఉంది. ఇంత పాత ప్రయాణికుల స్టేషను దునియాలో ఇంకెక్కడా మిగల్లేదు. దాన్నే సైన్సు, పరిశ్రమల మ్యూజియంగా మార్చారు. పక్కనే 1830 నాటి గిడ్డంగి. లివర్‌పూల్ రేవులో దిగిన పత్తి బేళ్లు రైలెక్కి మాంచెస్టర్ మిల్లులకి చేరేవి. ఆ రైలు మోసిన ముఖ్యమైన సరుకుల్లో దూది ఒకటి.

ఆ మ్యూజియం సొత్తులో ఒక ఇంజను ఉంది. దాని నంబరు 3157. మాంచెస్టర్‌కి దగ్గర్లోని వల్కన్ ఫౌండ్రీలో 1911లో తయారై, ఓడెక్కి హిందూస్తాన్‌కి వచ్చి, నార్త్ వెస్టర్న్ రైల్వేలో పనిచేసింది. 1947లో ముల్కు రెండైనప్పుడు పాకిస్తాన్ వాటాలోకి పోయింది. వయసైపోయాక పుట్టిన చోటికే చేరింది. ఇంగ్లండు పట్టాల మధ్య వెడల్పు 1,435 మిల్లీమీటర్లు. ఈ ఇంజనుది మన బ్రాడ్‌గేజి, 1,676 మిల్లీమీటర్లు. అంటే పుట్టిన దేశంలో అది పరుగెత్తడానికి పట్టాలే లేవు. మన కోసం చేసిన వస్తువని దాని చక్రాలే చెబుతాయి.

ఇప్పుడు మన వైపు కొసకి వద్దాం.

1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగింది. అక్కడి పత్తి ఆగిపోయి మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లులు మూతబడ్డాయి, లక్షల మంది మజ్దూర్లు పస్తులున్నారు. మిల్లు యజమానుల చూపు హిందూస్తాన్ పత్తి మీద పడింది. మన గుంటూరు సీమ పత్తి ఎడ్లబండ్ల మీద, కాలువ పడవల మీద కాకినాడ రేవుకి చేరి ఓడెక్కేది. విలాయతీ బజారులో దాన్ని 'కోకనాడాస్' అన్నారు. పండించిన నేల మనది, చెమట మనది, పేరు మాత్రం రేవుది.

మరి మన దగ్గరికి రైలెందుకు వచ్చింది? పత్తి ఒక సబబు. రెండోది కరువు, మన పెద్దలు కహత్ అనేవాళ్లు. 1832-33లో వచ్చిన నందన కరువులో ఒక్క గుంటూరు జిల్లాలోనే అయిదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని చరిత్రకారుల హిసాబు. తర్వాత 1876-78లో ధాత కరువు దక్షిణాదినంతా ఊడ్చేసింది. 1880లో కరువు కమిషను, మెట్ట సీమల్లో రైలు మార్గాలు వెయ్యాలని సిఫారసు చేసింది. కాటన్ దొర మాత్రం మొదటినుంచీ రైలు కన్నా కాలువ మేలని వాదించిన మనిషి. ఆయన మాటలో నిజముంది. రైలు ధాన్యాన్ని కరువు సీమకి తేగలదు, ఎక్కువ ధర పలికే చోటికి అదే సీమ నుంచి తోడుకునీ పోగలదు. ధాత కరువులో రెండూ జరిగాయి.

1882లో పుట్టిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీ 1890 నాటికి మీటరుగేజి దారిని బెజవాడ దాకా తెచ్చింది. అటు కొస గోవాలోని మార్మగోవా రేవు. అక్కణ్ణించి హుబ్బళ్లి, బళ్లారి, గుంతకల్లు, నంద్యాల దాటి, నల్లమల అడవిని చీల్చుకుని గిద్దలూరు, కంభం, మార్కాపురం, దొనకొండ, వినుకొండ, నరసరావుపేట మీదుగా గుంటూరు. కోస్తా వెంట ఒంగోలు, చీరాల, బాపట్ల మీదుగా మద్రాసుని బెజవాడతో కలిపే బ్రాడ్‌గేజి 1899కి తయారైంది. ఇందులో ఒక తమాషా చూడండి. మిరపకాయని హిందూస్తాన్‌కి తెచ్చింది పోర్చుగీసు వాళ్లు. వాళ్ల గోవా రేవుకీ, మన మిర్చి పొలాలకీ పట్టాలు కలిసింది దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత!

రైలు పత్తిని తీసుకుపోయింది, దాంతోపాటు మిల్లు గుడ్డని ఊరూరికీ తెచ్చింది. 'ఏకులా వచ్చి మేకయింది' అంటారే, అచ్చం అదే. ఏకు అంటే నూలు వడకడానికి చుట్టిన దూది. ఆ ఏకులకి దూది ఏకిపెట్టిన వాళ్లెవరు? మన నూర్‌బాషీలు, దూదేకుల వాళ్లు. మా నాన్న వైపు తాతది అదే పేషా. పెద్ద విల్లు భుజాన వేసుకుని ఊళ్లు తిరిగేవాడు. కొయ్య గూటంతో ఆ విల్లు నారిని మీటితే గడ్డకట్టిన దూది పింజలు పింజలుగా విచ్చుకునేది. జిన్నింగు మిల్లులు, మిల్లు నూలు వచ్చాక ఏకులు అడిగే వాళ్లు తగ్గారు. పరుపులు, దిండ్లు, రజాయిలు మిగిలాయి. తర్వాత వాటికీ గిరాకీ తగ్గింది. చివరికి దూదిని పింజగా మార్చే హునర్‌కి పెట్టిన పేరు, 'పింజారీ', తెలుగులో తిట్టయి కూర్చుంది. మన మీద పడిన ఆ మాటని చిన్నప్పుడు బడిలో విన్నవాళ్లు ఇది చదివేవాళ్లలో చాలామంది ఉంటారు. మాంచెస్టర్‌లో దూది వడికిన యంత్రాన్ని నూనె వేసి, తుడిచి, అద్దాల వెనక ఇజ్జత్‌గా నిలబెట్టారు. మన తాత విల్లుని నేను ఏ మ్యూజియంలోనూ చూడలేదు.

ఇన్సాఫ్‌గా చెప్పాలంటే రైలు మన రోటీ లాక్కుంది అన్నంతటితో కథ అయిపోదు. అదే రైలు రోటీ ఇచ్చింది కూడా. మా నానా, అంటే అమ్మ వాళ్ల నాన్న, దొనకొండ లోకోషెడ్డులో ఖలాసీగా చేరారు. ఆ మెట్ట సీమలో వాన రాకపోతే పొలం లేదు, పని లేదు. షెడ్డులో మాత్రం నెల తిరిగేసరికి తన్‌ఖా. బాయిలరు కడగడం, బూడిద గుంటలు ఎత్తడం, బొగ్గు మోయడం ఆయన పని. ఖలాసీ నుంచి ఫైర్‌మన్, ఫైర్‌మన్ నుంచి డ్రైవరు, ఆ నిచ్చెన చాలా పొడుగు. ఇంగ్రేజు జమానాలో పై మెట్లు దొరలకీ, ఆంగ్లో ఇండియన్లకీ. ఆజాదీ తర్వాతే మనవాళ్లు పైకెక్కగలిగారు. నానా ఫైర్‌మన్‌గా రిటైరయ్యారు. ఆ తన్‌ఖాతోనే మా అమ్మ ఎనిమిదో క్లాసు దాకా చదివింది. మా ఖాందాన్‌లో బడి మొహం చూసిన మొదటి ఆడపిల్ల ఆమె. ఒక తాత పేషా రైలుతో పోయింది, ఇంకో తాత ఇల్లు రైలుతో నిలబడింది. నేను ఆ ఇద్దరి మనవణ్ణి. ఒకరి మాటే చెప్పి రెండో ఆయన్ని ఎలా మరిచిపోను?

రైల్లో మన జబాన్ కూడా ఉంది. ఖలాసీ, హమాలీ రెండూ అరబీ మూలం నుంచి ఉర్దూలోకి, అక్కణ్ణించి తెలుగులోకి వచ్చిన మాటలు. రవానా, రసీదు, గుమాస్తా, వసూలు లేకుండా గూడ్సు ఆఫీసు నడవదు. మీటరుగేజి, బ్రాడ్‌గేజి కలిసే ప్రతి చోటా ఒక వ్యాగను నుంచి ఇంకో వ్యాగనులోకి సరుకంతా మనుషులే మార్చాలి. పత్తి బేలు, మిర్చి టిక్కీ, పొగాకు చెక్కు, ఏదైనా హమాలీ వీపు మీదే. గుంటూరు మిర్చి యార్డులో ఇప్పటికీ ఆ మాట వినకుండా ఒక్క గంట గడవదు. మిర్చి ఘాటుకి దగ్గుతూ, తలకి తువ్వాలు చుట్టుకుని బస్తాలు మోసే వాళ్లలో మన పేర్లు ఎన్నో.

హజ్ సఫర్ కూడా ఈ పట్టాల మీదే మొదలయ్యేది. గుంటూరులో చిన్న రైలెక్కి, గుంతకల్లులో గాడీ మారి బొంబాయి, అక్కణ్ణించి జహాజ్‌లో జిద్దా. జహాజ్ మీద హజ్ 1995 దాకా సాగింది. ఉమ్రాకి వెళ్లిన వాళ్లు మదీనాలో హిజాజ్ రైల్వే పాత స్టేషను చూసే ఉంటారు. 1908లో దమిష్క్ నుంచి మదీనా చేరిన ఆ లైనుకి హిందూస్తాన్ ముసల్మానులు కూడా చందాలిచ్చారు. ఇప్పుడది మ్యూజియం. పట్టాల జ్ఞాపకాన్ని దాచుకోవడం తెల్లవాళ్ల షౌక్ మాత్రమే అనుకునే వాళ్లు అక్కడొకసారి ఆగి చూడాలి.

1990లలో మన మీటరుగేజి బ్రాడ్‌గేజి అయింది. మంచిదే. బేళ్లు మార్చే బాధ తప్పింది, హైదరాబాదుకీ బెంగళూరుకీ దారి సులువైంది. కానీ దొనకొండ షెడ్డు సందడి పోయింది. నల్లమలలో 1880లలో కట్టిన దొరబావి వంతెనని పక్కన పెట్టి రైలు దారి మారిపోయింది. మన లైనుని వేసిన కంపెనీ గడ్డ హుబ్బళ్లిలో 2020లో రైల్వే మ్యూజియం తెరిచారు. నరసాపురం నుంచి హుబ్బళ్లి పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఇప్పటికీ ఆ పాత దారినే గుంటూరు, దొనకొండ, నంద్యాల మీదుగా వెళ్తుంది. సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఆ రైలెక్కండి. గిద్దలూరు దాటాక కిటికీ పక్కన కూర్చోబెట్టండి.

కీత్లీ జనం దగ్గర నేను నేర్చుకున్నది ఒక్కటే. హుకూమత్ వచ్చి మన విరాసత్ కాపాడుతుందని కూర్చుంటే అది పాతసామాను బండెక్కుతుంది. మనకి ఇంజను దాచే స్థలం లేకపోవచ్చు, ఒక నోటుబుక్కుకి మాత్రం ప్రతి ఇంట్లో చోటుంటుంది. ఇంట్లో బుజుర్గులుంటే ఈ ఆదివారమే కూర్చుని అడగండి. మన ఖాందాన్‌లో రైల్వేలో ఎవరు చేశారు, ఏ షెడ్డులో, ఏ గ్యాంగులో? జిన్నింగు మిల్లుకి ఎవరు పోయారు? దూదేకే విల్లు ఎవరింట్లో ఉండేది, చివరికి ఏమైంది? హజ్‌కి ఎవరు ఏ ఏడాది ఏ దారిన వెళ్లారు? చెప్పింది చెప్పినట్టు పేరుతో, ఊరుతో, ఏడాదితో రాసిపెట్టండి. ఇత్తడి బిళ్ల, పాత పాసు, పింఛను కాగితం దొరికితే ఫోటో తీసి ఆ పుస్తకంలో అంటించండి. మా నానా ఇత్తడి బిళ్ల మా మామూ దగ్గరుంది. నా పుస్తకంలో మొదటి పేజీ దానిదే, రెండో పేజీ తాత విల్లుది. విల్లు లేదు కాబట్టి మా మేనత్త చెబుతుంటే బొమ్మ వేయించాను.

తెలుగులో తారీఖు అంటే క్యాలెండరులో రోజు. ఉర్దూలో తారీఖ్ అంటే చరిత్ర కూడా. మన ఇళ్లలో మొదటిది గోడకి వేలాడుతూనే ఉంది. రెండోది మనమే రాయాలి, అడిగితే చెప్పేవాళ్లు ఉండగానే.

ఖుదా హాఫిజ్.