గ్యోర్ పట్టణ పునరుత్థానము

వియన్నా, బుడాపెస్ట్ మహానగరముల నడుమ, రాబా నది మోషోని డాన్యూబు శాఖతో సంగమించు తావున వెలసిన గ్యోర్ పట్టణము హంగరీ దేశమునకు చిరకాలముగా వర్తకద్వారమై యుండెను. 1896లో అచట స్థాపితమైన రాబా కర్మాగారము తొలుత రైలుపెట్టెలను, పిమ్మట లారీలను, ఇరుసులను నిర్మించుచు, తరతరముల కార్మికులకు లోహవిద్యను గఱపెను.

1989లో సామ్యవాద వ్యవస్థ సడలి, తూర్పుకూటమి విపణులు మూతపడగా, ఆ నిపుణహస్తములకు పని కొఱవడెను. అట్టి తరుణమున, 1993లో, జర్మనీకి చెందిన ఆడి సంస్థ అచ్చట అడుగిడి, మరుసటి యేటనే ఇంజనుల ఉత్పత్తి నారంభించెను. 1998 నుండి జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో రంగులద్దిన ఆడి టీటీ కారు దేహములు రైలుపై గ్యోర్ చేరి, అచట ఇంజనును, చక్రములను, ఆసనములను సంతరించుకొని మరల బయలువెడలుచుండెను. చౌకకూలితోపాటు ఆస్ట్రియా సరిహద్దు సామీప్యమును, శతాబ్దకాలము పేరుకొనిన పనితనమును ఆ సంస్థను ఆకర్షించినవి.

అదే కాలమున హంగరీ ఈశాన్యమున ఓజ్ద్ పట్టణపు ఉక్కుకొలుములు చల్లారగా, ఆ లోటు పూడ్చునంతటి పెట్టుబడి అటు మరలలేదు. నీరు పల్లమెఱుగునందురు, విదేశధనము మాత్రము మెరకనే వెదకును. పడమర మఱింత పొంగ, తూర్పు మఱింత క్రుంగెను.

కావున పరదేశపు ధనమును ఆహ్వానించు ప్రభుత్వము, ఆ ధనము చూడనొల్లని సీమలకు రహదారులను, విద్యాలయములను, వృత్తిశిక్షణను ముందుగా సమకూర్చుట తన ప్రథమధర్మముగా నెంచవలెను. విపణికి విడిచిన సమత్వము తనంతట సిద్ధింపదు.