అరువు జట్టు, సొంత ఆశ

అనంతపురం పట్టణం నుండి జాతీయ రహదారి మీద ఉత్తరంగా పోతే సుమారు 360 కిలోమీటర్లకు హైదరాబాదు, దక్షిణంగా పోతే సుమారు 210 కిలోమీటర్లకు బెంగళూరు. వైద్యానికైనా, చదువుకైనా, కూలికైనా ఈ రెండు దిక్కులలో ఏదో ఒక దిక్కుకు పోవడం మనకు తరతరాల అలవాటు. ఆటల విషయంలో కూడ మనకు ఈ దిక్కుల చిక్కు కలదన్న సంగతి మాత్రం బయటివారు అంతగా ఎరుగరు. హైదరాబాదుకు ఒక క్రికెట్టు జట్టు ఉన్నది. బెంగళూరుకు ఒకటి ఉన్నది. అనంతపురానికి లేదు. అయినను ఇక్కడ అభిమాని ఉన్నాడు. అరువు తెచ్చుకొన్న జట్లతో అతడు పడిన సుఖదుఃఖాల చరిత్రయే నేటి ప్రసంగ విషయం.

ఈ కథను 2008 నుండి చెప్పడం పలువురికి వాడుక. కాని దీని వేరు 1953లో ఉన్నది. ఆ సంవత్సరం అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం అవతరించినది. ఆ యేడే ఆంధ్ర క్రికెట్టు సంఘం ఏర్పడినది. ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో ప్రవేశించినది. భారత జట్టుకు తొలి టెస్టు నాయకుడైన సి. కె. నాయుడు, ఆరుపదుల వయస్సుకు చేరువలో ఉండి కూడ, ఈ పసిజట్టుకు నాయకత్వం వహించినాడు. హైదరాబాదు సంగతి వేరు. అక్కడి జట్టు అప్పటికే పాతది. 1937–38లోనే రంజీ ట్రోఫీని గెలుచుకొన్నది. 1956లో రెండు ప్రాంతాలు ఒక రాష్ట్రమైనవి. క్రికెట్టు జట్లు మాత్రం రెండుగానే నిలిచినవి. 2014లో రాష్ట్రం మరల రెండైనది. క్రికెట్టులో విడదీయడానికి ఏమియు మిగిలి లేదు. హైదరాబాదు 1986–87లో రెండవసారి ట్రోఫీ తెచ్చుకొన్నది. ఆంధ్ర జట్టు 1953 మొదలు 2025 వరకు ఒక్కసారియైనను తేలేదు.

ఇట్టి స్థితిలో 2008లో ఐ.పి.ఎల్. వచ్చినది. హైదరాబాదు జట్టుకు దక్కన్ ఛార్జర్స్ అని పేరు పెట్టినారు. ఆ పేరులో నగరం లేదు, నేల ఉన్నది. మన కాళ్ళ క్రింది రాతినేల ఆ దక్కను పీఠభూమియే కదా! ఆ ఒక్క మాటతో మన ఊరి కుర్రవాండ్రు ఆ జట్టును తమదిగా చేసుకొన్నారు. మొదటి యేడు 14 ఆటలలో గెలిచినవి రెండే. ఎనిమిది జట్లలో చివరి స్థానం. కరువు సీమలో తొలి పంట ఎండినంత మాత్రాన ఎవరును సేద్యం మానుకోరు. మావాండ్రును మానుకొనలేదు.

మరుసటి యేడు మన దేశంలో లోక్‌సభ ఎన్నికల కారణంగా పోటీలను దక్షిణాఫ్రికాకు తరలించినారు. 2009 మే 24వ తేదీన జొహానెస్‌బర్గులో జరిగిన ఫైనలులో తలపడినది ఎవరు? హైదరాబాదు, బెంగళూరు! ఆ రాత్రి మా ఇంటిలో మా నాయన ఒక ప్రక్క, సెలవు మీద బెంగళూరు నుండి వచ్చిన మా చిన్నాయన ఒక ప్రక్క కూర్చున్నారు. “అన్నం పెట్టే ఊరిని కాదని ఎట్లా అంటానన్నా?” అన్నాడు చిన్నాయన. “పేరు పెట్టిన నేలను కాదంటావా?” అన్నాడు నాయన. ఛార్జర్స్ నాయకుడు గిల్‌క్రిస్టు మొదటి ఓవరులోనే సున్నకు ఔటైనాడు. గిబ్స్ 53 పరుగులతో నిలబడగా జట్టు 143 చేసినది. బెంగళూరు పక్షాన కుంబ్లే నాలుగు వికెట్లు తీసినాడు. ఆయనను విరోధిగా తలచడం మా ఇంటిలో ఎవరికిని సాధ్యం కాలేదు. చివరకు బెంగళూరు 137 వద్ద ఆగినది. ఆరు పరుగుల తేడాతో దక్కను గెలిచినది. గెలిచిన జట్టులో ఆంధ్రకు ఆడిన వేణుగోపాలరావు, హైదరాబాదుకు ఆడే సుమన్ ఒకే చొక్కా తొడిగి ఉన్నారు. రంజీలో ఎన్నడును కలవని రెండు జట్లు ఆ రాత్రి కలిసినట్లు మాకు తోచినది.

ఆ సంతోషం ఎంత కాలం? 2012 సెప్టెంబరులో క్రికెట్టు నియంత్రణ మండలి ఆ జట్టు ఒప్పందాన్ని రద్దు చేసినది. అక్టోబరులో హైదరాబాదు జట్టు హక్కును ఏటా 85.05 కోట్ల రూపాయలకు సన్ టి.వి. నెట్‌వర్క్ పొందినది. సన్‌రైజర్స్ అన్న కొత్త పేరు వచ్చినది. దక్కన్ అన్న మాట పోయినది. ఓడిన జట్టును తిట్టవచ్చును, మరుసటి యేటికి క్షమించవచ్చును. లేకుండా పోయిన జట్టును ఏమి చేయవలె? మా వీధిలో ఆ జట్టు చొక్కా కొనుక్కొన్న కుర్రవాడొకడు దానిని తోటపనికి వేసుకొని పోవడం నేను చూచినాను. “చిరిగేదాకా ఉంటుంది లేన్నా” అన్నాడు. అభిమాని ప్రేమ పెంచుకొన్నది పేరు మీద. ఆ పేరు మరొకరి ఆస్తి అని అతడు తెలుసుకొన్నది ఆనాడు.

కొత్త జట్టుకు కూడ మనవారు క్రమంగా అలవాటు పడినారు. 2016 మే 29వ తేదీన మరల అదే ఫైనలు, ఈసారి బెంగళూరు సొంత మైదానంలో. ఆ యేడు 973 పరుగులు చేసిన కోహ్లీ ఎదుట నిలిచి కూడ సన్‌రైజర్స్ ఎనిమిది పరుగులతో గెలిచినది. తరువాత 2018లోను, 2024లోను ఫైనలు చేరి ఓడినది. బెంగళూరును నమ్ముకొన్న మనవారు మాత్రం 2025 జూన్ 3వ తేదీ వరకు, పదునెనిమిదవ పోటీ వరకు, వేచినారు. గెలుపు వచ్చిన మరునాడే సంబరాల వేళ బెంగళూరు మైదానం వద్ద తొక్కిసలాటలో 11 మంది ప్రాణాలు పోయినవి. జట్టు అభిమానికి ఏమిచ్చునన్నది అందరును చెప్పుదురు. అభిమాని ప్రాణానికి జట్టు, అధికారులు ఏమి విలువ కట్టినారన్నది ఆనాడు అడుగవలసి వచ్చినది.

ఈ వెలుగుల వెనుక మన ఆంధ్ర జట్టు నిశ్శబ్దంగా ఆడుచునే ఉన్నది. 2023 రంజీ క్వార్టర్ ఫైనలు ఇండోరులో జరిగినది. మణికట్టు విరిగిన హనుమ విహారి, కుడిచేతి ఆటగాడయ్యును, ఎడమచేతి వాటంగా నిలిచి ఒంటిచేతితో బ్యాటు త్రిప్పినాడు. మధ్యప్రదేశ్ గెలిచినది. మరుసటి యేడు అదే ఊరు, అదే ప్రత్యర్థి. గెలుపుకు 170 కావలెను. ఆంధ్ర 165 వద్ద ఆగినది. నాలుగు పరుగుల ఓటమి! ఆ సీజనులో 902 పరుగులతో దేశంలో అందరికంటె ముందు నిలిచిన రికీ భుయి ఆ జట్టువాడే. ఈ జట్టును ఎవరును కొనలేదు, అమ్మలేదు, పేరు మార్చలేదు. దాని కొరకు రాత్రి మేలుకొనువారును మనలో అరుదు. ఇందులో నాకు కూడ భాగం కలదు.

2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆటలు అనంతపురంలోని ఆర్.డి.టి. మైదానానికి వచ్చినవి. మొదటి విడతలో ఒక ఆట, తరువాతి రెండు విడతలలో అన్ని ఆటలును ఇక్కడనే జరిగినవి. పేరుమోసిన ఆటగాండ్రను చూచుటకు ఈసారి ఏ దిక్కుకును పోనక్కరలేకపోయినది. కాని ఆడిన జట్ల పేర్లు భారత ఎ, బి, సి, డి. ఏ ఊరివి? ఏ ఊరివిను కావు. అయినను జనం వచ్చినారు. రెండవ విడతలో రికీ భుయి శతకం చేసినాడు. అతని జట్టు ఆ ఆట ఓడినది. గోడ ప్రక్కన నిలిచిన ఒక పెద్దాయన, “మనవాడు చేసినాడప్పా!” అని చప్పట్లు కొట్టినాడు. భుయి పుట్టినది భోపాలులో. ఆ పెద్దాయనకు దానితో పని లేదు.

ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకొని వేరుశనగ విత్తే జిల్లా ఇది. మేఘం ఎవరిదని ఇక్కడి రైతు అడుగడు. పడినది తన నేల మీదనా కాదా అని చూచును. అభిమానికిని ఆ కొలతయే మేలు. ఆంధ్ర జట్టు మరల ఆర్.డి.టి. మైదానానికి ఆడ వచ్చిన నాడు, ఒక్క పూటయైనను పోయి గోడ ప్రక్కన నిలబడుదాము. గెలుచునని నేను మాట ఇవ్వలేను. ఆ జట్టును ఎవరును అమ్మివేయరన్న మాట మాత్రం ఇప్పటికి నిజం.